వాచీ కొనేముందు చూడవలసినది ధరించేవారి ఫోను



చేతి గడియారం ఒకప్పుడు ఎవరి అండా అక్కరలేని వస్తువు. కీ ఇస్తే నడిచేది, తరువాతి కాలంలో చిన్న బ్యాటరీ వేస్తే నడిచేది. మామగారు అల్లునికి పెట్టిన గడియారం సరిపోతుందా లేదా అన్నది పట్టీ పొడవుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే. స్మార్ట్‌వాచీ అటువంటిది కాదు. అది ఫోనుకు అనుబంధంగా పుట్టిన యంత్రం. ఫోనుతో జత కుదిరితేనే దాని విద్యలన్నీ వెలికివస్తాయి. కుదరకపోతే ఎంత ఖరీదైన వాచీ అయినా మణికట్టుకు అలంకారమే.

తరతరాలుగా బెంగళూరు, చెన్నై, బ్రహ్మపురం, షోలాపూర్ వంటి నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. కొనేవారు నగరంలో ఉంటారు. ధరించే పెద్దలు చాలాసార్లు స్వగ్రామంలో ఉంటారు. కొనేవారి చేతిలో ఒక రకం ఫోను, ధరించేవారి చేతిలో మరొక రకం ఫోను.

ఉదాహరణకు ఒక ఇంటిని ఊహించవచ్చు. కుమారుడు బెంగళూరులో ఉద్యోగి. తండ్రి హిందూపురంలో ఒంటరిగా ఉంటున్నారు. ఒక రాత్రి ఆయన స్నానాలగదిలో కాలుజారి పడ్డారు. పొరుగింటివారు పాలప్యాకెట్టు ఇంకా గుమ్మంలోనే ఉన్నదని గమనించి తలుపు తట్టేవరకు ఎవరికీ తెలియలేదు. ధరించినవారు కిందపడితే గుర్తించి, కదలిక లేకపోతే తానే ఫోను చేసే వాచీలు ఉన్నాయని కుమారునికి తెలుసు. తన చేతికి ఉన్నది అటువంటిదే, ఆపిల్ వాచీ. ఒక నెల ఇంటి అద్దెకు మించిన సొమ్ము పెట్టి అటువంటిదే మరొకటి కొన్నాడు. సంక్రాంతికి వెళ్లి పెట్టె విప్పి తండ్రి చేతికి కట్టాడు. తండ్రిది ఆండ్రాయిడ్ ఫోను.

"నాయనా, ఇదేమో ఐఫోను దగ్గరకు తెమ్మంటోంది. నా ఫోను దీనికి పనికిరాదా?" అన్నారు తండ్రి.

పనికిరాదు. ఆపిల్ వాచీ ఐఫోనుతో తప్ప మరే ఫోనుతోనూ జత కాదు. అది లోపం కాదు, తయారీదారు పెట్టుకున్న నియమం. కుటుంబంలో ఒకరి ఐఫోనుతో మరొకరి వాచీని అమర్చే పద్ధతి ఒకటి ఉన్న మాట నిజమే. అయితే ఫోను దగ్గర లేనప్పుడు కూడా వాచీ మాట్లాడాలంటే సిమ్ సదుపాయం గల నమూనా కావాలి, దానికి వేరే పథకం తీసుకోవాలి. ఆ విధంగా అమర్చిన వాచీలో ఈ.సి.జి. వంటి కొన్ని సదుపాయాలు రావు కూడా. కుమారుడు కొన్నది సిమ్ సదుపాయం లేని నమూనా.

ఈ చిక్కు ఒక్క ఆపిల్‌తోనే ఉన్నదనుకోరాదు. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 మొదలుకొని సామ్‌సంగ్ గెలాక్సీ వాచీలు ఐఫోనుతో జత కావు; అంతకుముందు వచ్చిన నమూనాలు కొన్ని అయ్యేవి. అందువలన పాత వాచీని ఐఫోనుతో వాడుకున్న బంధువు ఇచ్చిన సలహా కొత్త వాచీ విషయంలో తప్పుదారి పట్టించవచ్చు. గూగుల్ పిక్సెల్ వాచీకి కూడా ఆండ్రాయిడ్ ఫోనే కావాలి. ఇక నాయిస్, బోట్, ఫాస్ట్‌ట్రాక్, అమేజ్‌ఫిట్, గార్మిన్ వంటి సంస్థల వాచీలు సాధారణంగా తమ సొంత యాప్ ద్వారా రెండు రకాల ఫోన్లతోనూ పనిచేస్తాయి. వీటిలో చాలావాటి బ్యాటరీ వారం దాకా నిలుస్తుంది. ఆపిల్, సామ్‌సంగ్ వాచీలను రోజుకో, రెండు రోజులకో ఒకసారి చార్జింగు పెట్టవలసిందే. చార్జింగు మరచిపోయే పెద్దలకు ఈ తేడా చిన్నది కాదు. అయితే రెండు ఫోన్లతోనూ జత అవుతుందన్న మాటకు అన్ని పనులూ రెండింటిలోనూ సమానంగా జరుగుతాయని అర్థం కాదు. ఇతర సంస్థల వాచీ ఐఫోనుకు వచ్చిన సందేశాన్ని చూపుతుంది. దానికి వాచీ నుంచే జవాబు పంపడం సాధారణంగా వీలుపడదు.

ఫోను రకం సరిపోయిన తరువాత దాని వయస్సు చూడాలి. 2024లో వచ్చిన ఆపిల్ వాచ్ సిరీస్ 10కు ఐఫోను ఎక్స్‌ఎస్ లేదా ఆ తరువాతి నమూనా ఉండాలి. ఐఫోను 8 ఎంత బాగా పనిచేస్తున్నా చాలదు. అదే ఏడాది వచ్చిన గెలాక్సీ వాచ్ 7కు ఆండ్రాయిడ్ 11 గాని, ఆపైది గాని కావాలి. చవక ఫోన్లలో కొన్నింటిలో ఆండ్రాయిడ్ గో అనే తేలికపాటి వ్యవస్థ ఉంటుంది. గూగుల్ వేర్ ఓఎస్ వాచీలు దానితో పనిచేయవు. పెద్దలకు కొనిచ్చే తక్కువ ధర ఫోన్లలోనే గో తరచుగా కనిపిస్తుంది కనుక దీనిని ప్రత్యేకంగా చూడాలి. సెట్టింగ్‌లలో "ఫోను గురించి" అన్నచోట ఈ వివరాలన్నీ ఉంటాయి. వాటిని ఒక చీటీ మీద రాసుకొని దుకాణానికి వెళ్లడం మేలు. ధరించేవారి ఫోనునే వెంట తీసుకువెళ్లగలిగితే మరీ మేలు.

దుకాణాలలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉన్నది: ఈ వాచీ తెలుగు చదవగలదా? ఊరి నుంచి వదినగారో, మేనత్తో తెలుగులో పంపిన సందేశం ఫోనులో చక్కగా కనిపిస్తుంది. అదే సందేశం చవక వాచీకి వచ్చేసరికి వరుసగా ఖాళీ గళ్లు కనిపించవచ్చు. హిందీ చూపే వాచీ తెలుగును, కన్నడాన్ని కూడా చూపుతుందని నమ్మకం లేదు. తెలుగు అక్షరాన్ని తెరమీదికి తేవాలంటే గుణింతాన్ని, వత్తును సరైన చోట కూర్చే ఏర్పాటు వాచీ లోపల ఉండాలి. ఈ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన వరుసలో పంపితే ఐఫోను యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ వాచీకి కూడా ఆ జబ్బు తగిలింది. ఆ నెలలోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6ను, వాచీలకు వేరొక సవరణను విడుదల చేసి దానిని సరిచేసింది. ఎంతో పెద్ద సంస్థకే అంత తడబాటు కలిగినప్పుడు చవక వాచీలో వత్తులు తారుమారు కావడంలో వింత లేదు. పరీక్ష సులభం. దుకాణంలోనే వాచీని జత చేయించి, ఆ ఫోనుకు "అర్ధరాత్రి రైలుకు స్త్రీలు, పిల్లలు రాష్ట్రం దాటి వస్తున్నారు" వంటి వాక్యం ఒకటి పంపి చూడాలి. వత్తులన్నీ కుదురుగా వస్తే వాచీకి తెలుగు వచ్చినట్టే.

తరువాత చూడవలసినది ప్రాణానికి సంబంధించినది. పెట్టె మీద "కాలింగ్" అని ఉన్నంతమాత్రాన వాచీ తనంతట తాను ఫోను చేయగలదని చాలామంది అనుకుంటారు. "బ్లూటూత్ కాలింగ్" అంటే ఫోనులోని సిమ్‌నే వాడుకొని వాచీ ద్వారా మాట్లాడడం. ఫోను ఇంట్లో ఉండి, ధరించినవారు వీధి చివర పాలకేంద్రం దగ్గర పడిపోతే ఆ వాచీ ఎవరినీ పిలవలేదు. బ్లూటూత్ అందేది దాదాపు పది మీటర్ల వరకే. మధ్యన గోడలుంటే అంతకంటే తక్కువ. ఫోను లేకుండా ఎక్కడినుంచైనా పిలవాలంటే ఈ-సిమ్ గల నమూనా కావాలి. భారతదేశంలో 2018లోనే జియో, ఎయిర్‌టెల్ సంస్థలు ఆపిల్ వాచీకి ఈ సదుపాయం కల్పించాయి. ఫోనులోని సిమ్ ఏ సంస్థదో ఆ సంస్థే వాచీకి కూడా సేవ ఇవ్వాలి కనుక, కొనేముందు ఆ సంస్థవారినే అడిగి తెలుసుకోవాలి. పడిపోవడాన్ని గుర్తించే సదుపాయం వాచీలో ఉంటే సరిపోదు, అది ఆన్ అయి ఉండాలి. ఆపిల్ వాచీలో వయస్సు 55 గాని, అంతకు మించి గాని నమోదైతే అది దానంతట అదే ఆన్ అవుతుంది. కొడుకు తన పుట్టినతేదీ వేసి అమర్చితే కాదు. ఇతర వాచీలలో సెట్టింగ్‌లు తెరిచి చూసుకోవాలి.

కొన్న వారంలోపే "వాచీ చెడిపోయింది, సందేశాలు రావడం లేదు" అన్న ఫిర్యాదు తరచుగా వినబడుతుంది. నిజానికి చెడిపోయింది వాచీ కాదు. షావోమి, వివో, ఒప్పో, రియల్‌మీ వంటి ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనుక నడిచే యాప్‌లను ఆపివేస్తుంటాయి. ఆ క్రమంలో వాచీ యాప్ కూడా ఆగిపోతుంది. ఆ యాప్‌కు ఆటోస్టార్ట్ అనుమతి ఇచ్చి, బ్యాటరీ పరిమితి తొలగిస్తే తిరిగి పనిచేస్తుంది. ఈ చిన్న పని తెలియక వాచీని సొరుగులో పడేసినవారు తక్కువేమీ కాదు.

ఆరోగ్యం మాట. సామ్‌సంగ్ వాచీలోని ఈ.సి.జి., రక్తపోటు సదుపాయాలకు ఏ ఆండ్రాయిడ్ ఫోనైనా చాలదు, సామ్‌సంగ్ ఫోనే కావాలి. రక్తపోటు అంకెలను 28 రోజులకొకసారి చేతికి పట్టీ చుట్టే యంత్రంతో సరిచూడాలి కూడా. సూదితో గుచ్చకుండా రక్తంలోని చక్కెరను కొలుస్తుందని చెప్పే వాచీని మాత్రం నమ్మరాదు. అటువంటి వాచీలను, ఉంగరాలను దేనినీ తాము ఆమోదించలేదని అమెరికా ఎఫ్.డి.ఏ. 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చుకోవడం ప్రాణాపాయం.

కొనుగోలు సంగతికి వస్తే, స్మార్ట్‌వాచీలకు బి.ఐ.ఎస్. నమోదు తప్పనిసరి, పెట్టె మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. జత కాకపోతే తిరిగి తీసుకుంటారా అన్నది డబ్బు చెల్లించకముందే అడగాలి, ఆ మాటను బిల్లు మీద రాయించుకోవాలి. సీలు విప్పిన వాచీని తీసుకోమనే దుకాణాలు చాలా ఉన్నాయి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. పాత ఆపిల్ వాచీ కొనేవారు, మునుపటి యజమాని తన ఖాతా నుంచి దానిని తొలగించాడో లేదో ఎదురుగానే చూసుకోవాలి. తొలగించకపోతే కొత్తవారి ఫోనుతో అది జత కాదు. పనికిరాని వాచీని ఇంటి చెత్తతో కలపరాదు. అందులోని లిథియం బ్యాటరీ నలిగితే మంటలు రేగగలవు. దానిని ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికే ఇవ్వాలి.

హిందూపురం తండ్రిగారి విషయం అక్కడితో ముగియలేదు. ఉగాదికి బెంగళూరు వచ్చినప్పుడు కుమారుడు ఆయననూ, ఆయన ఫోనునూ వెంటబెట్టుకొని దుకాణానికి వెళ్లాడు. ఫోను ఆండ్రాయిడ్ 12, గో కాదు. మొదట చూపిన వాచీలో తెలుగు సందేశం గళ్లుగా కనిపించింది. రెండవది సిమ్ సదుపాయం గల గెలాక్సీ వాచీ. తండ్రిగారు కళ్లద్దాలు సవరించుకొని "అర్ధరాత్రి" అని పైకే చదివారు. సంక్రాంతికి కొన్న ఆపిల్ వాచీ ఇప్పుడు కోడలి చేతికి ఉన్నది. ఆమెది ఐఫోను.