ఇన్వర్టరు కొనే ముందు



ఇన్వర్టరు కొనేముందు ఇంట్లోనే లెక్క వేసుకోండి. ఫ్యాను 75 వాట్లనుకుంటే, రెండింటికి 150. 10 వాట్ల బల్బులు మూడింటికి 30. మొత్తం 180 వాట్లు.

బ్యాటరీ మీద 12 వోల్టులు, 150 ఏహెచ్ అని రాసి ఉంటుంది. మీరే చదవండి. రెండూ గుణిస్తే 1,800. దాన్ని 180తో భాగిస్తే 10. కాగితం మీద 10 గంటలు. నిజానికి వచ్చేది ఆరేడు గంటలే. బ్యాటరీని అడుగంటా వాడకూడదు కదా!

ఇస్త్రీపెట్టె, హీటరు దానికి తగిలించొద్దు. నీళ్లు పోసే బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు. ఛార్జింగయ్యేటప్పుడు మండే వాయువు వస్తుంది. పొయ్యికీ, దీపానికీ దూరంగా, గాలి ఆడేచోట పెట్టాలి.

కరెంటు పోయినా ఇన్వర్టరు వైర్లలో 230 వోల్టులు ఉంటాయి. ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పిల్లలకూ చెప్పండి.