ఫారిన్ సైట్‌లో కొన్నది తేడాగా వచ్చిందా? డబ్బు ఎవరిని అడగాలి?



మా తమ్ముడు ఈమధ్య ఫోన్‌లో ఒక యాడ్ చూసి షూస్ ఆర్డర్ పెట్టాడు. ధర 3,200 రూపాయలు. రూపాయల్లోనే ఉంది కాబట్టి మన దేశం సైటే అనుకున్నాడు. మూడు వారాలకి పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే ఒకటి 8 సైజు, ఇంకోటి 9! మెయిల్ పెడితే "మీ ఖర్చుతో చైనాకి తిప్పి పంపండి" అన్నారు. కొరియర్ వాళ్లని అడిగితే ఆ ఛార్జీ షూస్ ధర కంటే ఎక్కువ. తర్వాత ఇంకో మెయిల్: "20 శాతం వెనక్కి ఇస్తాం, ముందు కంప్లయింట్ క్లోజ్ చేయండి." మావాడు నమ్మి క్లోజ్ చేశాడు. ఆ 20 శాతం కూడా రాలేదు.

ఇలాంటిది మీకు జరిగితే ఏం చేయాలో ఈరోజు చూద్దాం.

ముందు ఒక విషయం. "నాకు నచ్చలేదు" వేరు, "తేడాగా వచ్చింది" వేరు. నచ్చలేదని వెనక్కి ఇవ్వాలంటే ఆ సైట్ రిటర్న్ పాలసీయే దిక్కు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉండే మనవాళ్లకి ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులను 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వద్దనే హక్కు ఉంది. ఇండియాలో మనకి అలాంటి హక్కు లేదు.

కానీ పాడైన వస్తువు వచ్చినా, యాడ్‌లో చూపించింది ఒకటి, పంపింది ఇంకొకటి అయినా కథ వేరు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం "వెనక్కి తీసుకోం, డబ్బు ఇవ్వం" అనడానికి సెల్లర్‌కి వీల్లేదు. మన దేశంలో ఆఫీసు లేకపోయినా, ఇక్కడివాళ్లకి పద్ధతిగా సరుకు అమ్ముతున్న సైట్లకి కూడా ఈ రూల్స్ వర్తిస్తాయి. సైట్‌కి గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఆయన మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

"చట్టం సరే అన్నా, సెల్లర్ ఎక్కడో ఉన్నాడు కదా!" అంటారా? నిజమే. ఇక్కడ ఆర్డర్ తెచ్చుకున్నా అక్కడ అమలు చేయించడం చాలా కష్టం. అందుకే దూరంగా ఉన్న సెల్లర్ వెంట పడేకంటే, దగ్గర్లో ఉన్నవాళ్లని పట్టుకోండి.

ఒకటి, ప్లాట్‌ఫామ్. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో కొంటే సెల్లర్‌తో చాటింగ్‌లోనే రోజులు గడిపేయకండి. గడువు లోపల యాప్‌లోనే డిస్ప్యూట్ వేయండి.

రెండు, మీ బ్యాంక్. కార్డుతో కట్టి ఉంటే "చార్జ్‌బ్యాక్ కావాలి" అని అడగండి. దీనికీ గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు. పేపాల్‌తో కడితే 180 రోజుల్లోపు డిస్ప్యూట్ వేయొచ్చు. అదే సెల్లర్ ఖాతాకి నేరుగా బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేశారనుకోండి, ఈ దారి మూసుకుపోయినట్టే.

ఏ దారిలో వెళ్లినా సాక్ష్యం కావాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ప్రొడక్ట్ పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, మెయిళ్లు దాచండి. కస్టమ్స్ డ్యూటీ కట్టి ఉంటే ఆ రసీదు కూడా. లోపం ఉన్న వస్తువుని తిప్పి పంపేస్తే, కస్టమ్స్ చట్టం 26ఎ సెక్షన్ కింద షరతులకి లోబడి ఆ డ్యూటీ వెనక్కి అడగొచ్చు. మామూలుగా క్లియరెన్స్ అయిన 30 రోజుల్లోపే పంపేయాలి.

ఇవేవీ పనిచేయకపోతే 1915కి ఫోన్ చేయండి. అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ తర్వాత మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న జిల్లాలోనే, రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. వస్తువుకి కట్టిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

చివరిగా ఒక్క మాట: డబ్బు మీ ఖాతాలో పడేదాకా, ఎవరు ఎంత తీయగా అడిగినా డిస్ప్యూట్ క్లోజ్ చేయకండి. పేపాల్‌లో అయితే ఒకసారి క్లోజ్ చేసింది మళ్లీ తెరుచుకోదు.

మా తమ్ముడు కార్డుతోనే కట్టాడు కాబట్టి ఇప్పుడు బ్యాంకులో చార్జ్‌బ్యాక్ అడిగాడు. ఫొటోలు, ఆ రెండు మెయిళ్లు జత చేశాం. ఇంకా జవాబు రాలేదు. వచ్చాక ఏమైందో మీకు చెప్తాను.

ఇలా ఇరుక్కున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!