రాతికట్టకు గురుత్వ కేంద్రము
(ఉపన్యాస పాఠము)



సిద్దిపేట సీమ చెరువుల సీమ. పట్టణమునకు కోమటిచెరువు ఉన్నట్లే పల్లెలకును చెరువులు కలవు. చెరువునకు కట్ట, తూము, మత్తడి కలవు. ఇటీవలి కాలమున 2020లో చంద్లాపూర్ వద్ద రంగనాయకసాగరమును, 2022లో మల్లన్నసాగరమును ప్రారంభింపబడినవి. మొదటిది 3 టి.ఎం.సి., రెండవది 50 టి.ఎం.సి. నీటిని నిలుపుటకు ఉద్దేశింపబడినవి. నిండిన చెరువును చూచి సంతోషింపని రైతు ఉండడు. అయితే ఆ నిండిన నీరు తన్ను అడ్డగించిన కట్టను ఎంత బలముతో నెట్టుచున్నది? ఆ బలము ఏ ఎత్తున పనిచేయుచున్నది? దానిని ఎదిరించు కట్ట బరువు ఏ చోట నిలిచియున్నది? ఈ ప్రశ్నలకు సమాధానము కనుగొను సాధనమే గురుత్వ కేంద్రము. దానిని కనుగొను మార్గమే సమాకలన గణితము.

పేరు పెద్దది గాని విషయము అందరికిని తెలిసినదే. కావడి మోయువానిని గమనింపుడు. ఒక కొనను 20 కిలోల బరువును, రెండవ కొనను 10 కిలోల బరువును ఉన్నచో వాడు కావడిబద్దను నడుమ భుజముపై పెట్టుకొనడు. బరువైన వైపునకు జరుపుకొనును. బద్ద మూడు మూరలైనచో భుజము బరువైన కొనకు ఒక మూర దూరమున, తేలికైన కొనకు రెండు మూరల దూరమున ఉండును. ఒక వైపు 20ని 1తో హెచ్చించిన 20; మరియొక వైపు 10ని 2తో హెచ్చించిన 20. బరువును దూరముతో హెచ్చింపగా వచ్చు ఈ ఫలమునకు భ్రామకము అని పేరు. రెండు వైపుల భ్రామకములు సమానమైన చోటనే కావడి నిలుచును. ఆ చోటే గురుత్వ కేంద్రము.

కావడికి బరువులు రెండే. ఒక పొలము పటమునకో, గోడ అడ్డుకోతకో బరువు ఒక్కొక్క చోట కాక అంతటను పరచుకొని ఉండును. అప్పుడు చేయవలసినది ఏమి? ఆ వైశాల్యమును సన్నని పట్టీలుగా చీల్చవలెను. ఒక్కొక్క పట్టీ వైశాల్యమును దాని దూరముతో హెచ్చించి అన్నింటిని కూడవలెను. ఆ మొత్తమును మొత్తము వైశాల్యముతో భాగించినచో గురుత్వ కేంద్రము ఎంత దూరమున ఉన్నదో తెలియును. పట్టీలు ఎంత సన్ననివైన లెక్క అంత నిజమునకు దగ్గరగును.

ఒక త్రిభుజముతో దీనిని పరీక్షింపవచ్చును. శీర్షము పైన, భూమి క్రింద ఉన్న త్రిభుజమునకు ఎత్తు 6, భూమి 6 అనుకొందురు గాక. వైశాల్యము 18. దీనిని అడ్డముగా మూడు పట్టీలు చేసి, ఒక్కొక్క పట్టీకి నడిమి వెడల్పును నడిమి దూరమును తీసికొన్నచో, శీర్షమునుండి దూరములు 1, 3, 5. వైశాల్యములు 2, 6, 10. భ్రామకముల మొత్తము 2, 18, 50 కలిపి 70. దానిని 18తో భాగింపగా 3.89 వచ్చును. పట్టీలు ఆరు చేసినచో 3.97, పండ్రెండు చేసినచో 3.99. పట్టీలు ఎన్ని పెంచినను ఫలము 4ను దాటదు. 4కు చేరువగుచునే ఉండును. పట్టీల మందము శూన్యమునకు సమీపించినప్పుడు ఈ కూడిక చేరు గమ్యమును ఒక్కమారే చెప్పు విద్యయే సమాకలనము. దాని తీర్పు సరిగా 4. అనగా త్రిభుజమునకు గురుత్వ కేంద్రము శీర్షమునుండి ఎత్తులో మూడింట రెండు వంతుల దూరమున, భూమినుండి మూడింట ఒక వంతు ఎత్తున ఉండును.

ఈ సత్యమును క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున సిరక్యూస్ నగర వాసియైన ఆర్కిమిడీసు జ్యామితితోనే నిరూపించెను. పరావలయ ఖండమునకును గురుత్వ కేంద్రమును కనుగొనెను. 17వ శతాబ్దమున న్యూటన్, లైబ్నిజ్ పండితులు కలన గణితమును ఒక పద్ధతిగా తీర్చిదిద్దిన పిదప, ఏ వక్రరేఖతో చుట్టబడిన వైశాల్యమునకైనను ఒకే మార్గమున లెక్క కట్టుటకు వీలు కలిగెను. క్షేత్రముల వైశాల్యమును కొలుచు విద్య తెలుగువారికి కొత్తది కాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కలను తల్లిభాషలో చెప్పవలెనన్న కోరిక ఈ నేలపై అంత ప్రాచీనమైనది.

ఇక నీటి విషయము. నీటి పీడనము పైన శూన్యము. లోతు పెరిగినకొలది సమముగా పెరుగును. ఒక మీటరు లోతున చదరపు మీటరునకు ఒక టన్ను, ఆరు మీటర్ల లోతున ఆరు టన్నులు. ఈ పీడనమును పటముగా గీచినచో ఏర్పడునది ఇంతకు ముందు లెక్కించిన త్రిభుజమే. దాని వైశాల్యము 18. అనగా 6 మీటర్ల నీరు కట్ట పొడవున ప్రతి మీటరును 18 టన్నుల బలముతో నెట్టుచున్నదన్నమాట. ఆ బలమంతయు ఒక్క చోట కూడినట్లు పనిచేయు స్థానము ఆ త్రిభుజపు గురుత్వ కేంద్రము ఎత్తున, అనగా అడుగునుండి 2 మీటర్ల ఎత్తున ఉండును. కట్టను పడద్రోయ జూచు భ్రామకము 18ని 2తో హెచ్చింపగా 36.

ఇచ్చట ఒక మెలకువ అవసరము. నీరు తాకు గోడ ముఖము దీర్ఘచతురస్రము. దాని గురుత్వ కేంద్రము సగము ఎత్తున, 3 మీటర్ల వద్ద ఉండును. నీటి బలము పనిచేయు చోటు అది కాదు. పీడనము అడుగున అధికము గనుక ఆ చోటు క్రిందికి దిగును. ఏ వైశాల్యమునకు కేంద్రము కావలెనో తెలిసికొనకయే లెక్కకు దిగినచో ఫలము తప్పును.

లోతు రెట్టింపైనచో నీటి బలము నాలుగు రెట్లు, పడద్రోయు భ్రామకము ఎనిమిది రెట్లు అగును. మత్తడి పూడిపోయి నీరు 6 మీటర్లనుండి 7 మీటర్లకు లేచినచో లోతు పెరిగినది ఆరవ వంతే. కాని భ్రామకము సుమారు 59 శాతము పెరుగును. "ఒక్క మీటరే గదా" అను మాటలోని ప్రమాదము ఇది.

ఇప్పుడు ఎదురు నిలుచు గోడను చూడవలెను. ఒక రాతిగోడ ఎత్తు 6 మీటర్లు, పైవెడల్పు 1 మీటరు, అడుగు వెడల్పు 3 మీటర్లు. నీటివైపు నిటారుగాను, వెనుకవైపు వాలుగాను ఉన్నది. దాని అడ్డుకోతను ఒక దీర్ఘచతురస్రముగాను ఒక త్రిభుజముగాను విభజింపవచ్చును. రెంటి వైశాల్యమును చెరి 6 చదరపు మీటర్లు. నీటి ముఖమునుండి మొదటిదాని కేంద్రము 0.5 మీటరు, రెండవదానిది 1.67 మీటర్లు. కావడి న్యాయమున మొత్తమునకు కేంద్రము 1.08 మీటర్ల దూరమున పడును. ఘనమీటరు రాతికట్టడము 2.4 టన్నులు తూగునని కొన్నచో, మీటరు పొడవు గోడ బరువు 28.8 టన్నులు. నీటి భ్రామకమైన 36ను ఈ బరువుతో భాగింపగా 1.25. అనగా నీటి నెట్టుడు వలన బలరేఖ 1.25 మీటర్లు వెనుకకు జరిగి, అడుగున 2.33 మీటర్ల వద్ద పడును.

గోడ అడుగు 3 మీటర్లు గనుక బలరేఖ లోపలనే ఉన్నది. గోడ పడదు గదా అని తోచవచ్చును. కాని రాతికట్టడము నొక్కుడును ఓర్చుకొనునుగాని లాగుడును ఓర్చుకొనలేదు. అందుచేత అడుగును మూడు సమభాగములు చేసినప్పుడు బలరేఖ నడిమి భాగమునందే పడవలెనని ఇంజనీర్ల నియమము. ఈ గోడకు ఆ భాగము 1 మీటరు మొదలు 2 మీటర్ల వరకు. 2.33 దానికి వెలుపల ఉన్నది. అప్పుడు నీటివైపు అంచు లేవజూచును, అతుకు విచ్చును, విచ్చిన సందున నీరు దూరి క్రిందినుండియు నెట్టును. అదే గోడకు నీరు 5 మీటర్లే నిలిచినచో బలరేఖ 1.81 వద్ద పడును; గోడ క్షేమము. అడుగు వెడల్పును 4 మీటర్లకు పెంచినచో కేంద్రము 1.4 వద్దకు జరుగును, బరువు 36 టన్నులగును, 6 మీటర్ల నీటికిని బలరేఖ 2.4 వద్ద పడును. నడిమి భాగము 1.33 మొదలు 2.67 వరకు గనుక ఈ గోడ నిలుచును. అడుగున చేర్చిన ఒక్క మీటరు రాయి చేసిన మేలు ఇది. పునాది క్రింద ఊరు నీటి ఒత్తిడి, భూకంపము మొదలైనవానిని ఇంజనీర్లు దీనిపై మరల లెక్కింతురు.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరపు రాతి ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. పైన ఇరుకుగాను అడుగున మిక్కిలి విశాలముగాను ఉండు దాని ఆకారము అలంకారమునకు కాదు. ఈ నియమమునకు లోబడినది.

సిద్దిపేట చెరువు కట్టలు, మల్లన్నసాగరపు కట్ట మట్టివి. మట్టికట్ట గోడవలె బోర్లపడదు. దానికి శత్రువులు ఊటయు, పైనుండి పొర్లు నీరును, జారు వాలులును. అచ్చటను గురుత్వ కేంద్రము మరియొక విధముగా పనికివచ్చును. వంపు తిరిగిన కట్టకు పట్టు మట్టి ఎంత? అడ్డుకోత వైశాల్యమును, దాని గురుత్వ కేంద్రము నడచిన దారి పొడవుతో హెచ్చించినచో ఘనపరిమాణము వచ్చునని ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు పాపస్ చెప్పెను. కొండను చుట్టి వచ్చు జలాశయపు కట్టలకు ఇది మిక్కిలి ఉపకరించును. అడ్డుకోత 200 చదరపు మీటర్లు గల కట్ట అర్ధవలయముగా తిరిగినప్పుడు, కేంద్రపు దూరమును వలయ కేంద్రమునుండి ఒక మీటరు తప్పుగా కొలిచినచో 628 ఘనమీటర్ల మట్టి లెక్క తారుమారగును. ఆ మట్టికి కూలి ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని ఈ తేడా చిన్నది కాదు.

సమాకలనము రాని బాలురును గురుత్వ కేంద్రమును కంటితో చూడవచ్చును. గట్టి అట్టపై తమ ఊరి చెరువు పటమును గీచి కత్తిరింపవలెను. అంచున ఒక రంధ్రము చేసి సూదికి వ్రేలాడదీసి, అదే సూదికి రాయి కట్టిన దారమును వ్రేలాడదీసి, దారము పడిన రేఖను గీయవలెను. మరియొక రంధ్రమునుండి అట్లే చేసినచో రెండు రేఖలును ఖండించుకొను చోటు ఆ పటపు కేంద్రము. వ్రేలిని ఆ బిందువు క్రింద ఉంచినచో అట్ట కదలక నిలుచును. వంకరటింకర పటమున చేయి కనుగొన్న ఆ బిందువునే, సరిహద్దు రేఖ తెలిసినచో, సమాకలనము కాగితముపై కనుగొనును.

గ్రంథాలయమునకు వచ్చు విద్యార్థులు కలన గణితమును పరీక్ష కొరకు మాత్రమే వల్లించి విడువకుందురు గాక. తమ ఊరి మత్తడి వద్దకు పోయి గోడ ఎత్తును, పైవెడల్పును, అడుగు వెడల్పును కొలిచి, నీరు ఎంతవరకు నిలువవచ్చునో లెక్క వేసి చూతురు గాక. కట్ట క్రింద పొలములును ఇండ్లును ఉన్నవి. వానకాలము రాకముందే మత్తడిలోని పూడికను తీయించుట ఎందుకు అవసరమో, ఒక్క మీటరు నీటికి భ్రామకము ఎంత పెరుగునో కనుగొన్న బాలుడు పెద్దలకు నమ్మకముగా చెప్పగలడు.