పంపు పీలిస్తే అలవాటైపోతుందా?



ఉబ్బసం ఉన్న ఇంట్లో తల్లికి నిద్ర తక్కువ. పిల్లవాడి గుండెల్లో పిల్లికూతలు ఎప్పుడు మొదలవుతాయోనని చెవి అటే పెట్టుకుని పడుకుంటాం. మా రెండోవాడికి ఆరో ఏట ఈ జబ్బు పట్టుకుంది. డాక్టరుగారు రెండు ఇన్‌హేలర్లు రాసిచ్చారు. ఒకటి నీలం రంగుది, ఒకటి గోధుమ రంగుది. మా అత్తగారు చూసి, "పసివాడికి పంపు అలవాటు చేస్తావుటే అమ్మాయీ? ఇక జన్మంతా వదలదు" అన్నారు. ఆవిడనని ఏం లాభం? నా మనసులోనూ అదే భయం.

వాడు రెండు నెలలు కులాసాగా తిరిగేసరికి, గోధుమరంగుది నాకు నేనే మానిపించేశాను. ఆయాసం వస్తే నీలంది ఉందిగా అనుకున్నాను. ఆ సంక్రాంతికి భోగిమంట పొగ తగిలింది. నీలం పంపు ఎన్నిసార్లు కొట్టినా ఊపిరి అందలేదు. మాట పెగల్లేదు, పెదవులు నల్లబడ్డాయి. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక గాని తేరుకోలేదు. తెల్లవారాక డాక్టరుగారు నన్ను కోప్పడకుండా కూర్చోబెట్టి చెప్పిన సంగతులే ఇవాళ మీకు చెబుతున్నాను.

నీలం పంపులో ఉండేది సాల్బుటమాల్. బిగుసుకున్న ఊపిరి గొట్టాలను అయిదు నిమిషాల్లో సడలిస్తుంది. ఆ గుణం నాలుగైదు గంటలుంటుంది. చేతులు వణకడం, గుండె దడ దీని చెరుపు; కాసేపటికి తగ్గిపోతాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఇది గొట్టాల లోపలి వాపును తగ్గించదు. పైకి సుఖంగా ఉంటే జబ్బు నయమైందనుకుంటాం, లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. అందుకే 2019లో 'గీనా' అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం, పన్నెండేళ్లు వచ్చినవారెవరూ ఈ మందు ఒక్కదాని మీదే ఆధారపడవద్దని చెప్పింది.

గోధుమరంగు దానిలో బ్యూడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది. వాపు తగ్గించేది ఇదే. అయితే వెంటనే గుణం కనపడదు. రోజూ వాడితే కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో తెలుస్తుంది. స్టెరాయిడ్ అనగానే హడలిపోతాం. కాని దీని మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అదీ చాలావరకు ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. సాల్బుటమాలూ అంతే: మాత్రలో 4 మిల్లీగ్రాములుంటే, పంపు ఒక్క నొక్కులో 100 మైక్రోగ్రాములు, అంటే నలభయ్యోవంతు!

దీనికీ చెరుపు లేకపోలేదు. నోట్లో తెల్లని పూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. పీల్చిన వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే, స్పేసర్ గొట్టం పెట్టి పీలిస్తే ఇవి చాలావరకు తప్పుతాయి. ఏళ్ల తరబడి వాడిన పిల్లల ఎత్తు ఒక సెంటీమీటరు దాకా తగ్గవచ్చట. నేను దాచను. కాని అదుపులో లేని ఉబ్బసమూ ఎదుగుదలను అడ్డుకుంటుంది, ప్రాణం మీదకీ తెస్తుంది. తూకం వేసి చూడండి, ఏది బరువో!

స్టెరాయిడ్‌తో పాటు ఫార్మొటెరాల్ కలిసిన ఇన్‌హేలర్లూ ఉన్నాయి. అవి గొట్టాలనూ విప్పుతాయి, వాపునూ తగ్గిస్తాయి. ఎవరికి ఏది, ఎంత అన్నది డాక్టరు తేల్చాలి. రంగులు కంపెనీని బట్టి మారతాయి కనుక డబ్బా మీద పేరు చదువుకోండి. నీలం డబ్బాలు ఏడాదికి మూడు ఖర్చయ్యాయంటే జబ్బు అదుపులో లేదని గుర్తు. పంపు కొట్టినా ఆయాసం తగ్గకపోయినా, నాలుగు మాటలు కలిపి పలకలేకపోయినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

అన్నిటికన్నా ముఖ్యం, నాలాగా సొంతంగా మందు మానిపించకండి. ఇది కాఫీ లాంటి అలవాటు కాదు, కళ్లజోడు లాంటి అవసరం.

ఇప్పుడు మావాడు పదో తరగతి. రాత్రి పంపు పీల్చగానే మా అత్తగారే నీళ్లగ్లాసు చేతికిచ్చి, "పుక్కిలించావురా?" అని అడుగుతారు.