మెదడుకి బ్రేకులు ఫెయిలైతే?

మన మెదడు పైపొరలో సుమారు ప్రతి ఐదు న్యూరాన్లలో ఒకటి మిగతావాటిని "ఆగు" అంటుంది. ఇవే ఇన్‌హిబిటరీ న్యూరాన్లు. గాబా అనే రసాయనంతో పక్కవాటి జోరు తగ్గిస్తాయి. మరి ఈ బ్రేకులే పనిచేయకపోతే?

డ్రావే సిండ్రోమ్ చూడండి. ఫ్రాన్స్ డాక్టర్ షార్లెట్ డ్రావే 1978లో దీన్ని వివరించారు. అప్పటిదాకా బాగున్న పసిబిడ్డకి మొదటి ఏడాదిలోనే, చాలాసార్లు జ్వరంతో, ఫిట్స్ మొదలవుతాయి. తర్వాత ఎదుగుదల కూడా వెనకబడుతుంది. 2001లో కారణం దొరికింది: ఎస్‌సీఎన్1ఏ అనే జీన్‌లో మార్పు. న్యూరాన్లలోకి సోడియం వెళ్లే ఒక రకం గేట్లని తయారుచేసేది ఈ జీనే. వాటి మీద ఎక్కువగా ఆధారపడేవి బ్రేకు న్యూరాన్లే. గేట్లు తగ్గితే ముందు డీలా పడేవీ అవే.

అసలు ప్రమాదం ఇక్కడుంది. కార్బమాజెపిన్ లాంటి మందులు సోడియం గేట్లనే అడ్డుకుంటాయి. వేరే ఫిట్స్‌లో చాలామందికి మేలు చేసే ఆ మందే ఈ పిల్లలకి ఫిట్స్ పెంచొచ్చు.

అందుకే పసివాళ్లకి జ్వరంతో ఫిట్స్ మళ్లీ మళ్లీ, ఎక్కువసేపు వస్తుంటే పిల్లల న్యూరాలజిస్టుకి చూపించండి. జీన్ టెస్ట్ అవసరమా అని అడగండి. వాడుతున్న మందు మాత్రం సొంతంగా ఆపొద్దు. ఫిట్స్ అన్నీ ఒకటి కాదు ఫ్రెండ్స్!