గురి వెనుక ఏముంది?

(గాండ్లపెంటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించీ, కరువు భత్యం గురించీ మాట్లాడవలసిన వేదిక మీద తుపాకి ముచ్చట చెబుతానంటే కార్యదర్శిగారు మొదట కొంచెం జంకారు. నేను బడిలో లెక్కలు చెబుతూ, చాలాకాలం ఎన్.సి.సి. బాధ్యత కూడా చూసినవాణ్ణి. క్యాంపుల్లో పిల్లల చేత పాయింట్ టూ టూ రైఫిలు పేల్పించడం నా పనుల్లో ఒకటి. అందుకని నాకు తెలిసిన సంగతే మనవి చేసుకుంటాను.

కదిరి తేరుకు వెళ్ళి బుడగలు కాల్చని వాళ్ళు మనలో తక్కువ. ఆ అంగట్లో ఉండేది గాలి తుపాకి. అక్కడ బుడగ పగిలితే ఠప్పుమంటుంది, పగలకపోతే పక్కవాళ్ళు నవ్వుతారు. ఫలితం చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేదు. మా క్యాంపులో కాగితం గురి అట్లా కాదు. ఐదు తూటాలు పేల్చి, ఆగి, ఆజ్ఞ వచ్చాక నడిచి వెళ్ళి చూసుకోవాలి. ఐదు రంధ్రాలూ ఒకే చోట పడితే, అవి నడిమి చుక్కకు జానెడు పక్కన ఉన్నా, ఆ పిల్లవాణ్ణి నేను మెచ్చుకొనేవాణ్ణి. గుంపు కుదిరితే చూపును సవరించుకోవచ్చు. చెల్లాచెదురైతే సవరించడానికి ఏముంది? నన్నడిగితే నేర్పేది కాగితమే. అయితే సంతోషపెట్టేది బుడగ.

ఈ పాయింట్ టూ టూ తూటా పుట్టుకే ఒక వినోదం. పెద్ద తూటాలకు అడుగున నడిమధ్య చిన్న మూత ఉంటుంది, పిన్ను దానిమీద కొడుతుంది. దీనికి ఆ మూత లేదు. రాజుకొనే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది, పిన్ను అంచుమీదే కొడుతుంది. 1845లో ఫ్లోబేర్ అనే ఫ్రెంచివాడు పెద్ద ఇళ్ళ హాళ్ళలో సరదాగా కాల్చుకోవడానికి ఇట్లాంటి తూటా తయారుచేశాడు. దాని వంశంలోనిదే 1887లో వచ్చిన లాంగ్ రైఫిల్ తూటా. దెబ్బ భుజానికి తగలదు, చప్పుడు తక్కువ, ఖర్చూ తక్కువ. ఇక జనం దేన్ని కాల్చలేదు! పేకముక్కలు, గాజు గోళాలు, బిస్కట్లు, ఒకటేమిటి. 1907లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో టాపర్‌వైన్ అనే ఆయన గాలిలోకి ఎగరేసిన చెక్కముక్కలు 72,500 కాల్చి తొమ్మిదే తప్పాడు. పది రోజులు పట్టిందట. అన్ని చెక్కముక్కలు ఎగరేసిన వాడి చేతుల గురించి మాత్రం ఎవరూ రాయలేదు!

ఇది కుర్రవాళ్ళ ఆట అనుకోకండి. స్వీడన్ దేశస్థుడు ఆస్కార్ స్వాన్ 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తే జింక బొమ్మను కాల్చి బంగారు పతకం గెలిచినప్పుడు ఆయనకు అరవై ఏళ్ళు. మన లెక్కన రిటైరైనవాడు. 1920లో ఆంట్‌వెర్ప్‌లో జట్టుతో కలిసి వెండి పతకం అందుకున్నప్పుడు 72 ఏళ్ళు. ఒలింపిక్ క్రీడా పోటీల్లో అంత వయసులో పతకం గెలిచినవారు ఇంతవరకు మరొకరు లేరు. మనం బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి నిరూపించుకుంటున్నాం. ఆయన నిరూపించుకున్న తీరు వేరు.

మన ఉద్యోగుల బిడ్డ ఒకరిని కూడా చెప్పాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వేలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. ఆ పోటీలో వాడేది ఈ చిన్న తూటానే. నడిమి పది పాయింట్ల చుక్క వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, అంటే రమారమి మన చెనక్కాయ గింజంత. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి తెచ్చింది కూడా ఈ తూటాతోనే.

ఇక అసలు సంగతి. ఆదిపర్వంలో ద్రోణుడు చెట్టుమీద పెట్టించినది నిజం పిట్ట కాదు, శిల్పుల చేత చేయించిన బొమ్మ పిట్ట. చాలామందికి ఈ సంగతి గుర్తుండదు. పిట్ట తల తప్ప ఇంకేమీ కనబడడం లేదన్నందుకు అర్జునుణ్ణి మెచ్చుకుంటాం. విలువిద్యకు అది సరే. తుపాకి పట్టినవాడికి పిట్ట ఒక్కటే కనబడితే చాలదు, పిట్ట వెనుక ఉన్నది కూడా కనబడాలి. చిన్న తూటా అని చులకన చేస్తాం గానీ, అడ్డు లేకపోతే అది మైలు దాటి పోగలదు. మైలంటే మన పొలాలు దాటి పక్క ఊరి మేకల మంద.

ఆ రైఫిలుకు లైసెన్సు కావాలి కాబట్టి మన ఇళ్ళల్లోకి అంత సులభంగా రాదు. వచ్చేది గాలి తుపాకి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం తక్కువ శక్తి గలవాటికి లైసెన్సు అక్కర్లేదు. పుట్టినరోజుకు మనవడికి కొనిచ్చే తాతలు మనలోనే ఉన్నారు. నేను పనిచేసిన ఒక ఊళ్ళో దసరా సెలవులకు వచ్చిన పిల్లలు చేను గట్టున రాతికూసం మీద డబ్బా పెట్టి కాల్చారు. గుండు డబ్బాకు తగల్లేదు. రాతికి తగిలి వెనక్కు తిరిగి, చూస్తూ నిలబడిన పిల్లవాడి కంట్లో పడింది. వాడికి తొమ్మిదేళ్ళు. మదనపల్లెకు తీసుకుపోయారు, అక్కడినుంచి వేలూరుకు తీసుకుపోయారు. కన్ను దక్కలేదు. కాల్చినవాడు వాడి సొంత చిన్నాన్న కొడుకు. ఆ రెండు ఇళ్ళ మధ్య మాటలు మళ్ళీ కలవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మన సీమలో ఎటు చూసినా రాయే. కాబట్టి గురి పెట్టేది మట్టికట్ట ముందు, మనిషి ఎత్తున, రాళ్ళు ఏరేసిన మెత్తటి మట్టి ముందు మాత్రమే పెట్టండి. సీసాలు వద్దు, ఆ పెంకులు గొర్రెలకాపరి కాలికి గుచ్చుకుంటాయి. నీళ్ళమీద కాల్చవద్దు, గుండు జారి ఎగురుతుంది. పిట్టలనూ ఉడుతలనూ కాల్చడం ఆట కాదు. దారానికి కట్టిన చెనక్కాయ, నిలబెట్టిన సుద్దముక్క, ఎండిన బిస్కట్టు చాలు. సుద్దముక్కకు గుండు తగిలితే పొగలాగా లేచిపోతుంది, పిల్లలు కేరింతలు కొడతారు. కాల్చేవాడు తప్ప మిగతావాళ్ళంతా వాడి వెనుక వరసలో ఉండాలి. పెద్దవాడొకడు పక్కనే నిలబడాలి, ఆ పనికి మనకంటే తీరిక గలవాళ్ళు ఎవరున్నారు? అందరికీ కళ్ళద్దాలు ఉండాలి. తుపాకి కొన్న అంగట్లోనే అడగండి, లేకపోతే వెల్డింగు షాపువాళ్ళు వాడేవాటిలో తెల్ల అద్దాలవి దొరుకుతాయి.

నా దగ్గర సర్వీసు నాటి సుద్దముక్కల పెట్టెలు రెండు మిగిలి ఉన్నాయి. కావలసినవారు భోజనాల తరువాత అడిగి తీసుకోవచ్చు. సెలవు.