హౌరా పెద్ద గడియారం క్రింద

(కోల్‌కతాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



హౌరా స్టేషను చరిత్రను గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. స్టేషను చరిత్ర అనగానే ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అన్న లెక్కలు ముందుకు వస్తాయి. ఆ లెక్కలు చెబుతాను. కాని ఉద్యోగులమైన మనకు మరొక లెక్క కూడా ముఖ్యము. అది పనిగంటల లెక్క.

హౌరాలో దిగిన ప్రతి తెలుగువానికీ రెండు ముఖాల పెద్ద గడియారం పరిచితమే. ఇంగ్లండులోని లెస్టర్ నగరానికి చెందిన జెంట్స్ కంపెనీ తయారుచేసిన ఈ గడియారాన్ని 1926లో అమర్చారు. ఊరికి క్రొత్తగా వచ్చేవారికి బంధువులు వ్రాసే ఉత్తరంలో "గడియారం క్రింద నిలబడి వుండు, నేను వచ్చి తీసుకొని వెళతాను" అనే వాక్యం తప్పక వుండేది. కాని ఆ గడియారం రాకముందే, ఈ స్టేషనులో గంటల కోసం పోరాటం జరిగినది.

1854 ఆగస్టు 15వ తేదీన ఈస్టిండియన్ రైల్వే కంపెనీవారి మొదటి ప్రయాణీకుల బండి హౌరా నుండి 24 మైళ్ళ దూరానవున్న హుగ్లీకి నడిచినది. నాడు స్టేషను అంటే రేకుల షెడ్డు మాత్రమే. నదిపైన వంతెన లేదు. కలకత్తావైపు ఆర్మీనియన్ ఘాటులో టిక్కెట్టు కొని, పడవ దాటి వచ్చి బండి ఎక్కేవారు. పడవల వంతెన 1874లో వచ్చినది. నేడు మనం చూస్తున్న ఎర్ర ఇటుకల భవనం హాల్సీ రికార్డో అనే వాస్తుశిల్పి రూపకల్పన. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో నిర్మించారు.

మొదటి బండి నడచిన ఎనిమిదేళ్ళకు, 1862లో, హౌరా స్టేషనులో పనిచేసే సుమారు 1,200 మంది కార్మికులు పని ఆపివేశారు. ఇంజన్ల శాఖవారికి ఎనిమిది గంటల పని, మాకు పది గంటల పని ఎందుకని వారు అడిగారు. ఆ వార్తను 'సోమప్రకాశ్' అనే బెంగాలీ పత్రిక ఆ మే నెలలో ప్రకటించినది. చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం నెత్తురోడ్చినది 1886లో. అంతకు 24 సంవత్సరాలు ముందే, సంఘం అనే మాట తెలియని మన పూర్వీకులు ఆ కోరికను హౌరాలో ఉచ్చరించారు. వారిలో ఒక్కరి పేరు కూడా ఆ భవనంపైన లేదు.

తెలుగువారికి హౌరాతో సంబంధం 1900 నుండి బలపడినది. ఆ సంవత్సరమే కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపైన, రాజమండ్రి వద్ద గోదావరిపైన రైలు వంతెనలు పూర్తయినవి. బెంగాల్ నాగపూర్ రైల్వే బండ్లు హౌరాకు చేరినవి. ఆ మార్గాన గంజాం, విశాఖపట్టణం జిల్లాలనుండి వేలాదిమంది హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు తరలివచ్చారు. మనుష్యులను రైల్వేవారు తీసుకువచ్చారు. వారి చెమట డబ్బును మనియార్డరుగా తపాలావారు ఇంటికి చేర్చారు. రైల్వే మెయిల్ సర్వీసు సోదరులు కదిలే పెట్టెలలో నిలబడి రాత్రంతా ఉత్తరాలు వేరుచేశారు. హౌరా ప్లాట్‌ఫారంమీద ప్రయాణీకుల మూటా, మెయిలు సంచీ ప్రక్కప్రక్కనే దిగేవి. మన రెండు శాఖల సోదరత్వం అక్కడ పుట్టినదే.

పోరాటాలలోనూ అంతే. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె చేసినప్పుడు వారి నాయకులలో మన వి.వి. గిరిగారు వున్నారు. 1928లో హౌరా ప్రక్కనేవున్న లిలువా వర్క్‌షాపు కార్మికులు నెలల తరబడి సమ్మె సాగించారు. బామన్‌గాఛీ వద్ద జరిగిన కాల్పులలో కార్మికుల ప్రాణాలు పోయినవి. 1946 జులైలో తపాలా సిబ్బంది సమ్మెకు మద్దతుగా 29వ తేదీన కలకత్తా యావత్తూ స్తంభించినది. 1973లో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ హామీని సాధించారు. 1974 మే 8న ప్రారంభమై ఇరవై రోజులు సాగిన అఖిల భారత రైల్వే సమ్మె కోరికలలో ఎనిమిది గంటల పని ఒకటి. 1862 నాటి మాటే!

మిత్రులారా, ఆ మాట నేటికైనా చట్టమైనదా? 1989 రైల్వే చట్టం ప్రకారం వారానికి గరిష్ట పరిమితి ఇంటెన్సివ్ ఉద్యోగికి సగటున 45 గంటలు, కంటిన్యువస్ ఉద్యోగికి సగటున 54 గంటలు, ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్ ఉద్యోగికి 75 గంటలు. ఆరు రోజులకు పంచి చూస్తే 54 గంటలంటే రోజుకు తొమ్మిది. 75 గంటలంటే పన్నెండున్నర. రోస్టరు అంతకంటె తక్కువగా వేయవచ్చు. కాని చట్టం గీసిన గీత అది.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి మనవి చేస్తాను. ఉద్యోగంలో చేరిన క్రొత్తలో ఒక చిన్న స్టేషనులో బుకింగ్ కౌంటరులో వుండేవాడిని. ఒక రాత్రి రిలీవర్ రాలేదు. పదహారు గంటలు కూర్చున్నాను. తెల్లవారి లెక్క చూస్తే నగదు తగ్గినది. తగ్గిన సొమ్ము జీతంలో పట్టుకున్నారు. కాని హాజరు రిజిస్టరులో నా డ్యూటీ ఎనిమిది గంటలనే వున్నది. "రోస్టరు ప్రకారం వ్రాయవయ్యా, గొడవెందుకు" అన్నారు పైవారు. నేనే వ్రాశాను, నేనే సంతకం చేశాను. చేయని తప్పుకు డబ్బు కట్టానని చాలాకాలం బాధపడ్డాను. పోయిన ఎనిమిది గంటలను నా చేతితో నేనే కొట్టివేశానన్న సంగతి సంఘంలోకి వచ్చిన తరువాతగాని నాకు తెలియలేదు.

నేడు హౌరాలో ఇరవైకి పైగా ప్లాట్‌ఫారాలు వున్నవి. 2024 మార్చినుండి హుగ్లీ నది అడుగునుండి మెట్రో నడుస్తున్నది. లక్షలాది ప్రయాణీకులు రోజూ వచ్చిపోతున్నారు. ఈ వైభవానికి మనమూ గర్విద్దాము. అయితే ఆ ప్లాట్‌ఫారాన్ని తెల్లవారుజామున కడిగే కాంట్రాక్టు కార్మికురాలి గంటలు ఏ రిజిస్టరులో వున్నవి? లోకో పైలట్లు నేటికీ పనిగంటల తగ్గింపు కోసమే అడుగుతున్నారు. అలసిన కన్ను సిగ్నలును సరిగా చూడలేదు. కావున ఇది మన సుఖం ఒక్కటే కాదు, ప్రయాణీకుల ప్రాణరక్షణ కూడాను.

మీనుండి నేను కోరేది ఒక్కటే. చేసిన గంటలనే వ్రాయండి. రిలీవర్ రానినాడు రాలేదని వ్రాయండి. ప్రక్కనున్న కాంట్రాక్టు కార్మికుని గంటలను కూడా శాఖా సమావేశానికి తీసుకొని రండి. వ్రాతపూర్వకమైన లెక్క లేకుండా ఏ ట్రిబ్యునల్ ముందూ మన వాదన నిలువదు.

ఈ రాత్రి తిరుగుబండి ఎక్కబోయేముందు ఒక్క క్షణం ఆ గడియారం క్రింద నిలబడండి. దానికి రెండు ముఖాలున్నా, రెండూ ఒకే సమయం చూపుతాయి. మన డ్యూటీ, మన రిజిస్టరు కూడా ఒకే సమయం చూపాలి. 1862 నాటి ఆ పేరులేని 1,200 మందికి మనం చెల్లించగల ఋణం అదే.

సెలవు. కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!